ట్రస్ రాడ్ ఉన్నది తీగల ఎత్తు కోసం కాదు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో పాత ఎలక్ట్రిక్ బేస్ గిటార్ల సేకరణ మీద వచ్చిన వ్యాసం చదివాను. పాటలో అందరి చెవినా పడుతూ ఎవరి నోటా పేరు వినపడని ఈ వాద్యానికి అంత చోటు ఇచ్చినందుకు సంతోషం. కానీ అందులో రెండు మాటలు అలాగే వదిలేస్తే పాఠకులకు నష్టం. ‘తీగలు మరీ ఎత్తుగా ఉంటే మెడలోని ట్రస్ రాడ్ బిగిస్తే చాలు’ అన్నది ఒకటి. ‘సీరియల్ నంబరు చూస్తే బేస్ వయసు ఇట్టే తెలిసిపోతుంది’ అన్నది రెండోది. రెండోదాన్ని నమ్మితే డబ్బు పోతుంది. మొదటిదాన్ని నమ్మితే మెడే పోతుంది. అందుకే దాని గురించే ముందు రాస్తున్నాను.

1951లో అమెరికా తయారీదారు లియో ఫెండర్ ‘ప్రెసిషన్’ అనే బేస్ తెచ్చినప్పటి నుంచి 34 అంగుళాల స్కేలే (మోగే తీగ పొడవు) ఎక్కువగా వాడుకలో ఉంది. దాని మీద 45 నుంచి 105 గేజ్ (తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) తీగల సెట్ వేసి శ్రుతి చేస్తే, నాలుగు తీగలూ కలిసి మెడను సుమారు 75–80 కిలోల బలంతో లాగుతాయి. ఆ లాగుడుకు మెడ ముందుకు వంగుతుంది. దాన్ని వెనక్కి పట్టి ఉంచడానికే లోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ పెట్టారు. అలాగని మెడ గీత గీసినట్టు నిటారుగా ఉండాలనీ కాదు. మీటిన తీగ మధ్యభాగంలో ఎక్కువగా ఊగుతుంది. సెకనుకు 41 సార్లు మాత్రమే కంపించే, అన్నిటికన్నా మందమైన ‘ఇ’ తీగ ఊగే వెడల్పు కంటికే కనిపిస్తుంది. ఆ ఊపుకు చోటు దొరకాలంటే మెడలో పిసరంత వంపు మిగలాలి. దాన్నే రిలీఫ్ అంటారు. ట్రస్ రాడ్ సర్దేది ఆ వంపును. తీగల ఎత్తును, అంటే యాక్షన్‌ను, సర్దేది బాడీ చివర తీగలను పట్టి ఉంచే బ్రిడ్జ్ మీది శాడిళ్లు, అంటే ఒక్కో తీగ ఆనే చిన్న దిమ్మెలు.

రాడ్ బిగిస్తే తీగలు కొద్దిగా దిగే మాట నిజమే. చిక్కంతా ఆ ‘కొద్దిగా’తోనే వస్తుంది. అది సాధారణంగా అర మిల్లీమీటరు లోపే. 4 మిల్లీమీటర్ల ఎత్తున్న తీగను రెండున్నరకు దించాలని రాడ్ తిప్పుతూ పోతే వంపు మొత్తం పోయి మెడ వెనక్కి వాలుతుంది. మొదటి నాలుగైదు ఫ్రెట్ల (మెడ మీది అడ్డ లోహపు పట్టీల) దగ్గర తీగలు గరగరలాడతాయి. ఆ గరగర పోవడానికి శాడిళ్లు ఎత్తుతారు, యాక్షన్ మళ్లీ పెరుగుతుంది, మళ్లీ రాడ్ తిప్పుతారు. చివరికి రాడ్ కొసన కీ పెట్టి తిప్పే నట్ గాడి అరిగిపోవడమో, కడ్డీ మర పోవడమో, అది తెగిపోవడమో జరుగుతుంది. తెగిన కడ్డీ మార్చాలంటే చాలా బేస్‌లకు ఫ్రెట్‌బోర్డును (మెడ మీద ఫ్రెట్లు దిగిన పలకను) వేడి చేసి ఊడదీయాలి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

సెటప్‌కు, అంటే బేస్‌ను వాయించడానికి అనువుగా సర్దడానికి, ఒక వరస ఉంది: తీగలు, శ్రుతి, రిలీఫ్, నట్ (మెడ పైకొసన తీగలు కూర్చునే గాడుల పట్టీ, రాడ్ నట్ కాదు), యాక్షన్, ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్ దగ్గరా స్వరం శ్రుతిలో పలకడం), చివరగా పికప్‌ల (తీగ కంపనాన్ని పట్టే అయస్కాంత భాగాల) ఎత్తు. ఒక్కో పని దాని తర్వాతి వాటన్నిటినీ కదిలిస్తుంది, కాబట్టి వరస తప్పితే చేసిందే మళ్లీ చేయాలి. రిలీఫ్ చూడకుండా ఇంటొనేషన్ సర్దడం శుద్ధ దండగ.

ముందు తీగలు. ఏ గేజ్, రౌండ్‌వౌండా (పైన గుండ్రని తీగ చుట్టినది) ఫ్లాట్‌వౌండా (చదును తీగ చుట్టినది) అన్నది మొదటే తేల్చుకోవాలి. ఫ్లాట్‌వౌండ్ తీగలు అదే గేజ్ రౌండ్‌వౌండ్ కన్నా సాధారణంగా గట్టిగా లాగుతాయి. 105 సెట్ తీసి 100 సెట్ వేస్తే లాగుడు తగ్గి మెడ వెనక్కి జరుగుతుంది. తీగ కత్తిరించే ముందు తీగ చుట్టుకునే ట్యూనర్ పోస్టు దాటాక 10–12 సెంటీమీటర్లు వదిలి, అక్కడ తీగను లంబంగా మడిచి, మడత అవతల కత్తిరించాలి. మడవకుండా కత్తిరిస్తే కొన్ని తీగల్లో పై చుట్టు లోపలి తీగ మీద జారి వదులవుతుంది. కొత్త తీగే అయినా మోగదు. చుట్లు రెండున్నర, మూడు చాలు, అవి పైనుంచి కిందికి రావాలి. ఫెండర్ తరహా హెడ్‌స్టాక్‌లో (ట్యూనర్లుండే మెడ కొసలో) ‘డి’, ‘జి’ తీగలను అదిమి పట్టడానికి చిన్న గుండీ ఉంటుంది, ‘ఎ’ తీగకు ఉండదు. దాని చుట్లు పోస్టు అడుగుదాకా దిగకపోతే నట్ మీద తీగ బలంగా కూర్చోదు. చేతిలో తీసుకోగానే ‘ఎ’ తీగ ఒక్కటే జుయ్యిమంటుంటే ముందు చూడాల్సింది అక్కడే, ఫ్రెట్ల దగ్గర కాదు. శ్రుతి చేశాక శాడిల్ దాటిన చోటా, నట్ ముందూ తీగను వేలితో ఒకసారి కిందికి నొక్కాలి. మందపాటి తీగ శాడిల్ మీద గుండ్రంగా వంగి ఉండిపోతే దాని అసలు పొడవు ఎక్కడ మొదలవుతుందో తేలదు. తర్వాత ఇంటొనేషన్ ఎంత తిప్పినా కుదరకపోవడానికి సగం సార్లు కారణం ఇదే.

రిలీఫ్ కొలవడానికి బేస్‌ను వాయించే భంగిమలోనే పట్టుకోవాలి. బల్ల మీద పడుకోబెట్టి మెడ కింద దిండు పెడితే కొలత మారిపోతుంది. మొదటి ఫ్రెట్ దగ్గర కాపో (తీగలన్నిటినీ అదిమే క్లిప్పు) బిగించి, ‘ఇ’ తీగను మెడ బాడీలో కలిసే చోట ఉన్న ఫ్రెట్ మీద నొక్కితే తీగే కొలబద్ద అవుతుంది. 7, 8 ఫ్రెట్ల దగ్గర తీగ అడుగుకూ ఫ్రెట్ తలకూ మధ్య ఫీలర్ గేజ్ (మందం రాసి ఉన్న సన్న రేకు) దూర్చాలి. ఫెండర్ తరహా బేస్‌లకు 0.30 నుంచి 0.35 మి.మీ. మంచి మొదలు. మెత్తగా వాయించేవారు 0.25కి దించుకోవచ్చు. గట్టిగా పీకి వాయించే చేతికి 0.35 కూడా చాలకపోవచ్చు. ఫీలర్ రేకు తీగను పైకి నెట్టకూడదు, రాసుకుంటూ పోవాలి.

ఇక రాడ్ తిప్పడం. సవ్యదిశలో తిప్పితే బిగిసి వంపు తగ్గుతుంది, అపసవ్యంగా తిప్పితే వదులై వంపు పెరుగుతుంది. ఒక్కసారికి ఎనిమిదో వంతు చుట్టు, మహా అయితే పావు చుట్టు. తిప్పిన ప్రతిసారీ శ్రుతి సరిచేసి మళ్లీ కొలవాలి. కర్ర పూర్తిగా సర్దుకోవడానికి ఒక రాత్రి పట్టినా ఆశ్చర్యం లేదు. బిగించేటప్పుడు గట్టిగా అనిపిస్తే తీగలు వదులు చేసి, మెడను చేత్తో కొద్దిగా వెనక్కి పట్టుకుని తిప్పాలి. అప్పటికీ కదలకపోతే ఆగిపోవాలి. బలప్రయోగానికి ఇక్కడ చోటు లేదు.

రాడ్ తిప్పే కీ సంగతి చిన్నదే అనిపిస్తుంది గానీ పాత బేస్‌ల గాడులు పాడయ్యేది దానివల్లే. అమెరికాలో తయారైన చాలా ఫెండర్లలో రాడ్‌కు 1/8 అంగుళం అలెన్ కీ (ఆరుపలకల కీ) పడుతుంది, అంటే 3.18 మి.మీ. చేతిలో ఉంది కదా అని 3 మి.మీ. కీ పెడితే దూరుతుంది, కొంచెం తిరుగుతుంది, ఆ తర్వాత మూలలు నున్నగా అరిగిపోతాయి. శాడిల్ మరలదీ అదే కథ. కొన్ని అమెరికన్ ఫెండర్లలో వాటికి 0.050 అంగుళం కీ కావాలి, అంటే 1.27 మి.మీ. కొన్ని ఇతర బేస్‌లకు 1.5 మి.మీ. కావాలి. అంగుళాల సెట్ ఒకటి, మిల్లీమీటర్ల సెట్ ఒకటి కొనుక్కున్నాకే బేస్ జోలికి పోవడం మంచిది.

రాడ్‌లు కూడా అన్నీ ఒక్కలా ఉండవు. పాత ఫెండర్లలోనూ వాటి రీఇష్యూలలోనూ (పాత నమూనాలో మళ్లీ చేసినవాటిలోనూ) రాడ్ నట్ మెడ మడమ (బాడీలో కలిసే కొస) వైపు, పిక్‌గార్డ్ (బాడీ మీది రక్షణ పలక) కింద దాగి ఉంటుంది. తీగలు వదులు చేసి నాలుగు స్క్రూలు విప్పి మెడ ఎత్తితే గానీ అందదు. స్క్రూడ్రైవర్ పక్కనుంచి దూర్చాలని చూస్తే పిక్‌గార్డ్ అంచో బాడీ పెయింటో లేచిపోతుంది. సేకరించేవారికి అది విలువ తగ్గే దెబ్బ. రికెన్‌బ్యాకర్ కంపెనీ 4001 బేస్‌కు రెండు కడ్డీలుంటాయి. ఆ పాత తరహా కడ్డీలను మెడ వంచడానికి వాడకూడదు. తీగలు వదులు చేసి, మెడను చేత్తో కావలసిన వంపుకు తెచ్చి పట్టుకుని, అప్పుడు రెండు నట్‌లనూ బిగించాలి. నట్‌తోనే మెడను లాగాలని చూస్తే ఫ్రెట్‌బోర్డు అతుకు విడిపోతుంది.

హెడ్‌స్టాక్ దగ్గరి నట్ గాడులు చూడటానికి తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి మొదటి ఫ్రెట్ మీద సందు చూడాలి. ఒకటి రెండు కాగితాల మందం ఉంటే బాగున్నట్టే. అసలు సందే లేకపోతే ఎక్కడా నొక్కని ఓపెన్ తీగ మోత పెడుతుంది. ఎక్కువైతే మొదటి మూడు ఫ్రెట్లలో నొక్కిన స్వరాలు హెచ్చు శ్రుతిలో పలుకుతాయి. గాడి లోతు చేయడానికి తీగ మందానికి సరిపడే నట్ ఫైలు కావాలి. అది లేకపోతే ఈ ఒక్క పనీ చేయి తిరిగినవారికి అప్పగించాలి. లోతు ఎక్కువైతే వెనక్కి తెచ్చుకోలేం.

ఇప్పుడు యాక్షన్. మొదటి ఫ్రెట్ దగ్గర కాపో పెట్టి 17వ ఫ్రెట్ మీద కొలవాలి. ఫ్రెట్‌బోర్డు రేడియస్ (పైభాగపు గుండ్రతనం) 7.25 అంగుళాలైతే ‘ఇ’ వైపు 2.8 మి.మీ., ‘జి’ వైపు 2.4. రేడియస్ 9.5 నుంచి 12 అంగుళాలైతే 2.4, 2.0. మధ్య రెండు తీగలూ ఫ్రెట్‌బోర్డు గుండ్రతనాన్ని అనుసరించాలి. ఒక శాడిల్‌కున్న రెండు మరలూ సమానంగా దిగాలి, లేకపోతే శాడిల్ పక్కకు ఒరిగి తీగ వేగంగా అరుగుతుంది. పాత బేస్‌లలో ఈ మరలు చెమటకు తుప్పు పట్టి ఉంటాయి. తీగ తీసేసి, చుక్క తుప్పు వదిలించే నూనె వేసి, రాత్రంతా వదిలి, పొద్దున తిప్పితే చాలావరకు కదులుతాయి.

శాడిళ్లు అడుగుకు ఆనినా తీగలు ఇంకా ఎత్తుగానే ఉంటే? మీ వ్యాసకర్త ట్రస్ రాడ్ బిగించమన్నది బహుశా ఇలాంటి బేస్ చూసే. కానీ అక్కడ తప్పు మెడ కోణంలో ఉంది. మెడ పాకెట్‌లో (బాడీలో మెడ కూర్చునే గుంటలో) బ్రిడ్జ్ వైపు అంచున 0.25 మి.మీ. మందం సన్నని ముక్క పెడితే, బ్రిడ్జ్ దగ్గర తీగ ఎత్తులో ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ తేడా వస్తుంది. ముక్క పెట్టడానికి మెడ తీసినప్పుడు పాత అట్టముక్కో రేకో కనిపిస్తే కంగారు పడొద్దు, అది కర్మాగారంలోనే పెట్టింది కావచ్చు. ఒక కవరులో వేసి ఉంచుకోండి. 0.25 చాలకపోతే 0.5 దాకా పోవచ్చు. అంతకుమించి కావలసి వస్తే ఆ మెడ ఆ బాడీది కాదేమో అని అనుమానించాలి.

గరగర ఎక్కడొస్తుందో వింటే జబ్బు తెలుస్తుంది. ఒకటి నుంచి ఐదో ఫ్రెట్ దాకా వస్తే రిలీఫ్ తక్కువ. పన్నెండు దాటాక మాత్రమే వస్తే శాడిళ్లు మరీ కిందున్నాయి, లేదా మెడ మడమ వైపు ఫ్రెట్‌బోర్డు పైకి లేచింది. ఈ రెండోది ఏ మర తిప్పినా పోదు, అక్కడి ఫ్రెట్లు అరగదీయాలి. ఒకే ఒక్క ఫ్రెట్ దగ్గర వస్తే దాని తర్వాతి ఫ్రెట్ లేచి ఉన్నట్టు. ‘జి’ తీగ మీద 5, 6, 7 ఫ్రెట్ల చుట్టుపక్కల ఒక స్వరం మాత్రం గరగర లేకుండానే చప్పున చచ్చిపోతే అది డెడ్ స్పాట్. ఆ స్వరానికి మెడే కంపించి తీగ శక్తిని లాగేసుకుంటుంది. పొడవు మెడ, ఒకే వైపు ట్యూనర్లున్న బేస్‌లలో ఇది మామూలే. హెడ్‌స్టాక్‌కు బరువు తగిలిస్తే ఆ చోటు కొంచెం జరుగుతుంది. సెటప్‌తో పోదు కాబట్టి కొనే ముందే ఆ తీగ మీద ప్రతి ఫ్రెట్‌నూ నొక్కి స్వరం ఆగేదాకా వినాలి.

ఇంటొనేషన్‌కు మొదటి అంచనా ఇలా: 34 అంగుళాల స్కేలులో నట్ నుంచి 12వ ఫ్రెట్‌కు 432 మి.మీ. అక్కడి నుంచి ‘జి’ శాడిల్‌కు కూడా అంతే, లేదా పిసరంత ఎక్కువ. ‘ఇ’ వైపు వెళ్లేకొద్దీ ఒక్కో శాడిల్ కొంచెం కొంచెం వెనక్కి. తర్వాత 12వ ఫ్రెట్ మీద తాకీ తాకనట్టు వేలు పెట్టి హార్మోనిక్ పలికించి, అదే ఫ్రెట్ నొక్కి పలికించి శ్రుతి చూపే ఎలక్ట్రానిక్ ట్యూనర్‌లో పోల్చాలి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే శాడిల్ వెనక్కి, తగ్గుగా ఉంటే మెడ వైపుకు. పాతబడిన తీగలతో ఈ పని పెట్టుకోవద్దు. చెమట, మురికి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ చేరి తీగ బరువు సమంగా ఉండదు. అప్పుడు ఏ శాడిల్ స్థానమూ సరైనది కాదు.

పికప్‌లు దగ్గరగా పెడితే శబ్దం పెరుగుతుందని చాలామంది పైకి ఎత్తేస్తారు. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగను లాగుతుంది. పై ఫ్రెట్లలో స్వరం ఊగిసలాడుతుంది, ఇంటొనేషన్ కుదరనట్టే అనిపిస్తుంది. చివరి ఫ్రెట్ నొక్కి చూసినప్పుడు ‘ఇ’ వైపు 3.2, ‘జి’ వైపు 2.4 మి.మీ. దగ్గర మొదలుపెట్టి చెవికి నచ్చినట్టు సర్దుకోవచ్చు.

ఇక సీరియల్ నంబరు. 1976కు ముందు ఫెండర్ నంబరు ఎక్కువగా మెడ వెనకున్న పలక మీద ఉండేది. నాలుగు స్క్రూలు విప్పితే ఆ పలక ఏ బేస్‌కైనా మారుతుంది, పైగా పలకలను నంబర్ల వరసలో వాడనూ లేదు. ఆ తర్వాత నంబరు హెడ్‌స్టాక్ మీదికి వచ్చింది, అది మెడ గురించే చెబుతుంది గానీ బాడీ గురించి కాదు. అందుకే ఒక ఆధారాన్ని ఇంకో ఆధారంతో సరిచూడాలి. మెడ మడమ మీది తేదీ ముద్ర ఒకటి. పాట్‌ల (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కిందుండే భాగాల) వెనక చెక్కిన అంకెలు ఇంకొకటి: 137తో మొదలైతే సీటీఎస్ తయారీ, 304 అయితే స్టాక్‌పోల్. తర్వాతి నాలుగంకెలు ఏడాది, వారం. 304 6320 అంటే 1963లో 20వ వారం. బేస్ అంతకుముందుది కాదని మాత్రమే అది చెబుతుంది, ఆ వారమే తయారైందని కాదు. 1966లో ఫెండర్ పెద్ద మొత్తంలో పాట్‌లు కొని పెట్టుకోవడంతో ఆ ఏటి పాట్‌లు తర్వాత కొన్నేళ్ల బేస్‌లలోనూ కనిపిస్తాయి. వాటిని చూసి ‘1966 బేస్’ అని అమ్మేవాళ్లూ ఉన్నారు.

నిర్మాణంలోని మార్పులు అంకెలకన్నా గట్టి సాక్ష్యం. ప్రెసిషన్‌కు రెండు ముక్కల పికప్ 1957లో వచ్చింది. 1955 అని చెప్పే బేస్‌లో అది ఉంటే ఎవరో మార్చినట్టు. జాజ్ బేస్ 1960లో వచ్చింది. దాని మెడ మీద దీర్ఘచతురస్రపు బ్లాక్ గుర్తులు 1966లో మొదలయ్యాయి. 1962 జాజ్ అన్నదానికి బ్లాక్ గుర్తులుంటే ఆ మెడ దానిది కాదు. కొనేముందు పిక్‌గార్డ్ విప్పడానికి ఒప్పుకోని అమ్మకందారుకు దండం పెట్టి వచ్చేయడమే. లోపల కదపని పాత సోల్డర్ విలువ తెలిసినవారు టోన్ కెపాసిటర్ కూడా ఊరికే మార్చరు. మార్చక తప్పకపోతే పాతది పారేయరు. రంగు తిరిగి వేయించడం అన్నిటికన్నా పెద్ద నష్టం. గీతలు పడ్డ అసలు రంగు, మెరిసే కొత్త రంగుకన్నా ఎప్పుడూ ఎక్కువ పలుకుతుంది. ఇంకో మాట: 1960ల తొలి సగం దాకా వచ్చిన ఫ్రెట్‌బోర్డులలో బ్రెజిల్ రోజ్‌వుడ్ ఉండవచ్చు. అది 1992 నుంచి సైటిస్ (అంతరించే జీవజాతుల వాణిజ్యంపై అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది. ఇతర రోజ్‌వుడ్ వాద్యాలకు 2019లో ఇచ్చిన మినహాయింపు దానికి వర్తించదు. కాబట్టి అనుమతి పత్రాలు లేకుండా దేశాల మధ్య కొనుగోలు పెట్టుకోకూడదు.

కొన్నాక ఎక్కువమంది అడిగేది హమ్ (స్పీకరులో వచ్చే గుయ్యిమనే రొద) గురించి. తీగలు తాకగానే హమ్ తగ్గితే బ్రిడ్జ్ కింది గ్రౌండ్ తీగ బాగానే ఉంది, లోపల షీల్డింగ్ (బయటి విద్యుత్ రొదను ఆపే తొడుగు) చాలడం లేదంతే. తాకినా ఏ తేడా లేకపోతే ఆ గ్రౌండ్ తీగ ఊడిపోయి ఉంటుంది. జాజ్ బేస్‌లో రెండు వాల్యూములూ పూర్తిగా తెరిస్తే హమ్ పోయి, ఒకటి తగ్గించగానే వస్తే అది లోపం కాదు, ఆ పికప్‌ల స్వభావమే. నాబ్ తిప్పినప్పుడు కరకరలాడితే పాట్‌లో కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవై ముప్ఫై సార్లు తిప్పితే చాలు, మార్చనక్కర్లేదు.

దాచడంలో గాలిలో తేమ 45–55 శాతం మధ్య నిలకడగా ఉంచడం ముఖ్యం. తేమ మారితే మెడ కదులుతుంది, కాబట్టి కాలం మారినప్పుడల్లా రిలీఫ్ కొలవాలి. కొలత బాగుంటే రాడ్ ముట్టుకోవద్దు. నైట్రోసెల్యులోజ్ లక్కర్ ఉన్న పాత బేస్‌లను రబ్బరు తొడుగున్న స్టాండు మీద పెడితే రబ్బరు తగిలిన చోట లక్కర్ మెత్తబడి మచ్చ పడుతుంది. మధ్యలో నూలు బట్ట వేయాలి. నిమ్మనూనె రోజ్‌వుడ్, ఎబొనీ ఫ్రెట్‌బోర్డులకే, లక్కర్ పూసిన మేపుల్‌కు పొడి బట్ట చాలు. 1976 నాటి మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే మొదలుకొని వచ్చిన యాక్టివ్ (బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ ఉన్న) బేస్‌లలో చాలావాటికి కేబుల్ గుచ్చగానే బ్యాటరీ పనిచేయడం మొదలవుతుంది. వాయించకపోయినా కేబుల్ అలాగే వదిలేస్తే ఖాళీ అవుతుంది. పెట్టెలో పెట్టి చాలాకాలం దాచేటట్టయితే 9 వోల్టుల బ్యాటరీని తీసేయాలి, కారితే ప్రీయాంప్ బోర్డు రాగి గీతలను తినేస్తుంది.

ట్రస్ రాడ్ గురించిన ఆ వాక్యానికి సవరణ వచ్చే అనుబంధంలోనే వేయండి. అది చదివి అలెన్ కీ చేతబట్టినవారు ఈపాటికే కొందరు ఉంటారు.

భవదీయుడు,
ఒక బేస్ గిటార్ అభిమాని